గిడుగును గురించి నాలుగు మాటలు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



నన్ను మాట్లాడమన్న కార్యదర్శిగారు నేను భాషను గురించో, ప్రవాసాంధ్రుల సమస్యలను గురించో మాట్లాడుతానని అనుకొని ఉంటారు. నేను మెట్రిక్ వరకు చదువుకొని రైల్వేలో గుమాస్తాగిరీ చేసుకుంటున్నవాణ్ణి. ఆ విషయాలకు మన సంఘంలో పెద్దలున్నారు. నేను టోపీని గురించి మాట్లాడుతాను. వెనుక బెంచీలవారు నవ్వుతున్నారు, నవ్వనీయండి. 1998 వేసవిలో మన ఒడిశాలో వడదెబ్బకు 2,000 మందికి పైగా చనిపోయారు. అప్పటినుంచీ ప్రతి ఎండాకాలం ప్రభుత్వంవారు తలమీద ఏదైనా వేసుకొని బయటికి వెళ్ళండని చాటుతూనే ఉన్నారు. ఆ ‘ఏదైనా’ అన్నది ఏమిటన్నదే నా ప్రశ్న.

గిడుగు అనగానే మనకు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు జ్ఞాపకం వస్తారు. ఆయన 1863లో పుట్టి, పర్లాకిమిడిలో పంతులుగా ఉండి, సవరల భాష నేర్చి, దానికి వ్యాకరణమూ నిఘంటువూ వ్రాసిన మహానుభావుడు. పామరుడి నోటిమాటకు బడిలో పీట వేయించాలని జీవితమంతా పోరాడినవాడు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వస్తున్నప్పుడు ఆయన ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. పంతులుగారు వెళ్ళారు గాని, ఆయన ఇంటిపేరులోని ఆ తాటాకు వస్తువు మాత్రం ఇక్కడి పొలాలలోనే ఉండిపోయింది. ఊడ్పుల వేళ తలనూ వీపునూ కప్పే పొడుగాటి దానిని ఒడియావారు పఖియా అంటారు. ఎండకు పెట్టుకొనేది గుండ్రటిది, చిన్నది. నేను చెప్పేది ఈ రెండవదానిని గురించే.

ఇందులో ఉన్నదంతా ఎండిన తాటాకూ, వెదురు బద్దలూ, కట్టడానికి నారా. కాని దాని లోపల చూడండి. తలకు తగిలేది ఆకు కాదు, చుట్టకుదురువంటి ఒక వలయం. ఆ వలయానికీ పైకప్పుకూ నడుమ రెండు మూడు వేళ్ళ సందు ఉంటుంది. గాలి ఆ సందులో నుంచి పోతుంది. మనది సముద్రతీరం, ఉక్కపోత దేశం. చెమట తొందరగా ఆరదు. గాలి ఆడక తలను పట్టి బిగించే టోపీ ఇక్కడ మేలుకన్న కీడే ఎక్కువ చేస్తుంది. గోపాలపురం బీచిలో మన కుర్రవాళ్ళు కొనుక్కుంటున్న నల్లని నైలాను టోపీలు చూస్తే నాకు జాలి వేస్తుంది. నలుపు వేడిని పీల్చుకుంటుంది, నైలాను గాలిని ఆపుతుంది. ఫొటోకు బాగుంటుంది, అంతే.

ఆ మోజు ఎక్కడిదో కూడా చెబుతాను. 1971లో కృష్ణగారి ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చి అమెరికా పశువుల కాపరి టోపీని తెలుగువాడికి హీరో టోపీ చేసింది. నేను ఆ సినిమాను తప్పుపట్టను, మా నాన్నగారు ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. కాని ఆ టోపీ వాళ్ళ దేశంలో ఆవులు తోలుకొనేవాడిదే కదా! వాళ్ళ కాపరి టోపీ పెట్టుకుంటే హీరో, మన కాపరి గిడుగు పెట్టుకుంటే మోటువాడూనా? పనామా టోపీ అని దొరలు ముచ్చటపడి పెట్టుకొనేది పనామాలో పుట్టింది కాదు. ఈక్వడారు దేశపు పల్లెలలో తాటిని పోలిన ఒక మొక్క ఆకుతో అల్లుతారు. 2012లో యునెస్కోవారు ఆ అల్లిక పనిని మానవజాతి వారసత్వ సంపదలలో చేర్చారు. అస్సామువారు తమ జాపిని అతిథులకు బహూకరిస్తారు. ఒకప్పుడు గోపాలపురం రేవులో ఓడలెక్కి రంగూను వెళ్ళిన మన గంజాం కూలీలు అక్కడ బర్మావారి వెదురు టోపీని, ఖమౌక్‌ను, చూసే ఉంటారు. మనం మాత్రం మన దానిని చూరులో దోపి మరచిపోయాము. పైగా జిల్లా ముఖ్యపట్టణం ఛత్రపురం. పేరులోనే గొడుగు ఉన్నది!

దీనికి వెనుక ఇంకొక కారణం కూడా ఉన్నదని నా అభిప్రాయం. దొర పెద్దవారి ఎదుట టోపీ తీస్తే మర్యాద. మన పెద్దలకు కచేరీకి తలపాగాతో వెళ్ళడమే మర్యాద. కాని కూలివాడి సంగతి వేరు. భూస్వామి ఎదుటికి వస్తే తలగుడ్డ విప్పి నడుముకు చుట్టుకొని, గిడుగు చంకన పెట్టుకొని నిలబడవలసిందే. అలా దించిన తలల జ్ఞాపకం ఆ తాటాకును అంటిపెట్టుకొని ఉన్నది. పిల్లవాడు చదువుకోగానే మొదట గిడుగును వదిలిపెట్టడంలో ఆశ్చర్యం లేదు.

ఇక ధరించే పద్ధతి. అంచు నాలుగు వేళ్ళ వెడల్పుకు తగ్గకూడదు. చెవులపైనా మెడపైనా నీడ పడాలి. కిందికి కనుబొమల దాకా దించవద్దు, నుదురు సగం కనబడేటట్లు పెట్టండి. గాలి రోజున గడ్డం కింద తాడు తప్పదు. ఆడవాళ్ళు కొప్పు అడ్డమని వదిలేస్తారు. కొంచెం ముందుకు వంచి, తాడును కొప్పు కిందుగా వెనుకకు కట్టుకుంటే కదలదు. దూరం నడవవలసి ఉంటే పలుచని నేత గాముచ్ఛా తడిపి పిండి తలకు చుట్టి దానిపై పెట్టుకోండి. తెల్ల చొక్కా, నేత పంచె, లేత రంగు నూలు చీర, వీటిమీద గిడుగు ఎంతో హుందాగా ఉంటుంది. బరంపురం పట్టు జోడు కట్టి గిడుగు పెట్టుకుంటే మాత్రం పెండ్లికొడుకు దుక్కికి బయలుదేరినట్లుంటుంది. రంగులు పూయవద్దు. ఆకు పండి గోధుమవన్నె తిరిగినప్పుడే దానికి అందం.

రైలుపట్టా మీద పనిచేసేవారి హాజరు కాగితాలు నా చేతి మీదుగా పోతాయి. గాలిలో 42 డిగ్రీలు ఉన్ననాడు పట్టా 60 డిగ్రీల దాకా పోతుంది. ఆ పట్టా ప్రక్కన మైళ్ళు నడిచేవారు వాళ్ళు. వాళ్ళలో ఎవరూ టోపీని అలంకారమని అనరు.

నాకు గిడుగు అల్లి ఇచ్చిన ముసలాయనకు ఇద్దరు కొడుకులు. ఇద్దరూ సూరతు మరమగ్గాలలో ఉన్నారు. గంజాంలో ఇది ఇంటింటి కథే. “నా తరువాత ఎవరు అల్లుతారు తాతా?” అని అడిగితే, “కొనేవాడుంటే అల్లేవాడుంటాడు బాబూ, నువ్వు మొన్న ఒకటి కొన్నావు, నిరుడంతా ఎవరూ రాలేదు” అన్నాడు. చెట్టుకు కరవు లేదు. పిడుగుల బాధ తప్పించడానికి తాటిచెట్లు నరకవద్దనీ, కొత్తవి నాటాలనీ 2024లో ఒడిశా ప్రభుత్వమే పూనుకొన్నది. (పిడుగులు పడేటప్పుడు గిడుగు రక్షిస్తుందని మాత్రం ఎవరూ అనుకోకండి, ఇంట్లోకి పొండి.) చెట్టు ఉంటుంది, చెయ్యి ఉండదు.

ఉగాదికి మనం విసనకర్రలు దానమిస్తాము. మరికొన్నాళ్ళకు వచ్చే పణా సంక్రాంతికి ఒడియా సోదరులు గొడుగులు, నీళ్ళకుండలు ఇస్తారు. ఈ ఏడు ఆ రెండు పండుగల నడుమ మన సంఘం తరఫున యాభై గిడుగులు చేయించి, చలివేంద్రం దగ్గరికి వచ్చే రిక్షా కార్మికులకూ కూలీలకూ ఇవ్వాలని నా ప్రతిపాదన. అంతకంటె ముందు మనలో పదిమందిమి పెట్టుకొని బజారులో తిరగాలి. మనం పెట్టుకోనిదాన్ని వాళ్ళకు ఇస్తే అది దానం కాదు, పారవేయడం. కార్యదర్శిగారు బల్ల దగ్గర ఒక పుస్తకం పెట్టించారు. పేరు వ్రాసి, దాని ప్రక్కన చెవులకు పైగా తల చుట్టుకొలత అంగుళాలలో వేయండి. కొలిచే టేపు నా జేబులో ఉన్నది.