బాలింత నడికట్టు

కాన్పయి నెల తిరిగినను పొట్ట తగ్గలేదని బాలింత దిగులుపడుట, నడికట్టు సరిగా బిగించలేదని ఇరుగుపొరుగువారు ఆమె తల్లిని నిందించుట మనమెరిగినదే. ఆ నింద అన్యాయమని మా అభిప్రాయము. తొమ్మిది నెలలు సాగిన గర్భాశయము యథాస్థితికి వచ్చుటకే సుమారు 6 వారములు పట్టును. పొట్ట నడుమ నిలువుగా నుండు రెండు కండరములు గర్భభారముచే ఎడమగును. అవి తిరిగి దగ్గరపడుటకు కొందరికి నెలలు గడచును. నడికట్టు నడుమునకు ఊత మాత్రమే. వదులైన చర్మమును బిగించజాలదు. చారలు వెలిసిపోవునే గాని పూర్తిగా మాయవు. వ్యాపార ప్రకటన లేమి చెప్పినను, ఏ తైలమునకును ఆ శక్తి లేదు.

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టులో గంపలెత్తు తల్లుల మాట వేరు. కాన్పు తరువాత 6 వారములు పని చేయించరాదని 1961 నాటి ప్రసూతి సౌకర్యముల చట్టము శాసించినది. దినకూలి స్త్రీకి ఆ రక్షణ అందుట అరుదు. ఆమెకిది అందమునకు సంబంధించిన చింత కాదు, నడుమునొప్పి. బరువెత్తునపుడు పొట్ట నడుమ గట్టువలె ఉబ్బినచో, ఆ బరువు అప్పటికి తగదని గ్రహించవలెను. వెల్లకిల పరుండి, మోకాళ్లు మడచి, ఊపిరి వదలుచు పొట్టను మెల్లగా లోనికి లాగుట తొలి అభ్యాసము. శస్త్రచికిత్సతో కాన్పయినవారు వైద్యుల అనుమతి పొందిన పిమ్మటనే దీనిని ప్రారంభింపవలెను. బొడ్డువద్ద మెత్తని ఉబ్బు కనిపించినచో అది హెర్నియా కావచ్చును. జాగు చేయక వైద్యునికి చూపవలెను.