మధుమేహుల పాదవ్రణములు – హైడ్రోజెల్ కట్లు
(ఏటూరునాగారము వార్షిక మహాసభయందలి యుపన్యాసము)



 విద్యను, వివాహవ్యయములను గూర్చి ముచ్చటించు నీ సభయందు మేము పాదముల పుండ్లను గూర్చి ప్రసంగింప నెంచితిమి. ఇది యల్పవిషయమని తలంపకుడు. చిన్నగాయము ముదిరి కాలిని, దానితో కుటుంబమునకు జీవనాధారమును కోల్పోయిన మధుమేహు లనేకులు.

మధుమేహము చిరకాలము అదుపు తప్పియున్నచో పాదములయందలి నాడులు మొద్దుబారును. ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. రక్తనాళములు సన్నగిల్లి రక్తప్రసారము తగ్గును. సూక్ష్మజీవులు చొరబడి చీము పట్టించును. నొప్పి లేదు గదా యని యుపేక్షించుటయే ప్రమాదము.

పుండు ఎండిననే మానునని మనలో పలువురి నమ్మకము. అయితే తేమ నిలిపిన గాయముపై క్రొత్తచర్మము త్వరగా వ్యాపించునని జార్జి వింటరు అను శాస్త్రజ్ఞుడు పందులపై పరీక్షించి 1962లో ప్రకటించెను. అంతకు రెండేండ్లకు ముందు, 1960లో, చెకోస్లోవేకియాకు చెందిన విఖ్తెర్లె, లిమ్ అనువారు నీటిని తనలో నిలుపుకొను మెత్తని పదార్థమును వెల్లడించిరి. అది మొదట కంటిలో నమర్చు అద్దములకు పనికివచ్చెను. అట్టి పదార్థమునే హైడ్రోజెల్ అందురు. నానిన సబ్జాగింజ చుట్టునుండు జిగటపొర దానికి తగిన యుపమానము.

ఈ కట్టు ఎండిన పుండునకు తేమ నిచ్చును. చచ్చిన చర్మమును మెత్తబరచును. విప్పునపుడు క్రొత్తచర్మమును పెరుకదు. నేటి పరిశోధకులు దీనికి మరికొన్ని పనులు చేర్చుచున్నారు: రొయ్యపెంకులనుండి తీసిన కైటోసానును గాని, వెండికణములను గాని కలిపి సూక్ష్మజీవులను చంపించుట, పుండులో చక్కెర యధికమైనపుడే మందు విడుదల చేయించుట, ప్రాణవాయువు నందించుట. మన యడవులలోని తపసిజిగురు నీట నుబ్బును గనుక దానిని సైతము పరీక్షించుచున్నారు. వీనిలో పెక్కు ఇంకను ప్రయోగశాలను, జంతుపరీక్షలను దాటలేదు.

కట్టు ఎంత గొప్పదైనను, చక్కెర అదుపు, పుండుపై భారము పడనీయకుండుట, చీమునకు మందు, రక్తప్రసార పరీక్ష లేనిదే ఫలము చాలదు. మిక్కిలి రసికారు పుండునకును, నల్లబడి యెండిన వ్రేలికిని వైద్యుని యనుమతి లేక దీనిని వాడరాదు.

కావున మధుమేహులకు మా మనవి: ప్రతిరాత్రియు అరికాళ్లను, వ్రేళ్ల సందులను చూచుకొనుడు. చూపు మందగించిన పెద్దలకు పిల్లలు చూడవలయును. పొలమునకైనను, మేడారము జాతరకైనను వట్టికాళ్లతో నడువకుడు. పుండు కనబడిన దినముననే, పసరులు పూయక, వైద్యుని కడకు పొండు.

పోషకులారా! సంఘనిధిలో కొంతభాగమును బీదల మెత్తని పాదరక్షలకును, కట్లకును, వరంగల్లు వైద్యశాలకు పోవు ప్రయాణవ్యయమునకును కేటాయింపుడని ప్రార్థించుచు విరమించుచున్నాము.