గోడమీది బొగ్గువ్రాత

(నిజామాబాదు పట్టణమందలి ఒక పఠనాలయ సభలో మేము చేసిన ప్రసంగము)



ఏదేని ఒక విషయమును గూర్చి ప్రసంగింపుడని మీరు మమ్ము కోరినప్పుడు విషయమును వెదకుకొనవలసిన శ్రమ మాకు కలుగలేదు. ఈ పట్టణమున ఖిల్లా కొండ నెరుగనివారు లేరు. కొండపై రఘునాథస్వామి కొలువై యున్నాడు. ఆ కోటలోనే చిరకాలము చెరసాల నడచినది. స్వామి దర్శనమునకు మెట్లెక్కువారిలో ఎందరు ఆ చెర గోడలవంక ఒకమారు తలత్రిప్పి చూచుచున్నారో చెప్పజాలము. నేడు ఆ గోడల కథను, దానితోపాటు మన కాలపు కథను మీకు విన్నవింపదలచితిమి.

నిజాము పాలన తుదినాళ్లలో, 1947-48 ప్రాంతమున, ఓరుగల్లు జిల్లా చినగూడూరున 1925లో జన్మించిన ఒక యువకుని తెచ్చి ఈ కోటలో బంధించిరి. ఆయనయే దాశరథి కృష్ణమాచార్యులు. ఆయన చేత తుపాకి లేదు, ధనము లేదు. ఊరూర సభలలో పద్యములు చదివెను, ప్రజలు వినిరి. ఇదియే ఆయన నేరము. చెరలో కాగితము లేదు, కలము లేదు. పండ్లు తోముకొనుటకు ఇచ్చిన బొగ్గుతో ఆయన గోడలపై పద్యములు వ్రాసెను. అధికారులు వానిని తుడిపించిరి. ఆయన మరల వ్రాసెను. ఒక మహాసంస్థానము, దాని సైన్యము, దాని ఖజానా, దాని కొత్వాలులు అన్నియు ఒకవైపు. పిడికెడు బొగ్గు ఒకవైపు. బొగ్గునకు ఆ సంస్థానము ఏల భయపడెను? ఈ ప్రశ్నను మీ మనస్సులందు నిలుపుకొనుడు.

ఆ చెరలోనే ఆయనకు వట్టికోట ఆళ్వారుస్వామిగారి సహవాసము లభించినది. నల్లగొండ జిల్లాలో 1915లో పుట్టిన ఆళ్వారుస్వామిగారు హోటలులో పనిచేసిరి, అచ్చుకూటమున ప్రూఫులు దిద్దిరి, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి పుస్తకములను తామే మోసికొనిపోయి ఊరూర అమ్మిరి. చదువు రానివానికి చదివి వినిపించిరి. ఆయనను కాపాడుటకు పెద్ద పత్రిక లేదు, పెద్ద పదవి లేదు. దాశరథి గోడపై వ్రాసిన దానిని తుడిచివేసినను, చదివి జ్ఞాపకముంచుకొను తోడు ఆయన రూపమున నుండెను. 1949లో వెలువడిన 'అగ్నిధార'ను దాశరథి ఆయనకే అంకితమిచ్చిరి. తుడిచిన వ్రాత పుస్తకమైనది. తుడిపించినవారి పేర్లు నేడెవ్వరికిని తెలియవు.

మన పట్టణమునకు ఇట్టిదే మరియొక సంబంధము కలదు. 1937లో ఆరవ ఆంధ్రమహాసభ ఇచ్చటనే జరిగెను. దానికి అధ్యక్షులు మందుముల నరసింగరావుగారు. వారు నడపిన 'రయ్యత్' అను ఉర్దూ పత్రికను ప్రభుత్వము నిలిపివేసెను. ఆ పత్రికలో పనిచేసిన షోయబుల్లాఖాన్ అను యువకుడు వెనుదీయక, 1947 నవంబరులో 'ఇమ్రోజ్' అను పత్రికను ప్రారంభించెను. హైదరాబాదు భారతదేశమున చేరుటయే శ్రేయమని నిర్భయముగా వ్రాసెను. 1948 ఆగస్టు 21వ తేదీ రాత్రి, కార్యాలయమునుండి ఇంటికి మరలుచుండగా, కాచిగూడ ప్రాంతమున దుండగులు ఆయనపై కాల్పులు జరిపి, వ్రాసిన చేతిని నరికిరి. వెంటనున్న బావమరిది చేయియు పోయెను. నెల తిరుగక ముందే, సెప్టెంబరు 17న, ఆ పాలన అంతరించినది. ఈ దారుణమును చేసినవారు రజాకారులు. చూచి చూడనట్లున్నది ప్రభుత్వము. అధికారము తన చేతితో చేయుటయు, ఇతరులు చేయగా కన్నులు మూసికొనుటయు ఫలితమున ఒక్కటియే.

ఈ కథలు మీరెరుగనివి కావు. పాఠశాలలలో చెప్పుచున్నారు. దాశరథి పేర తెలంగాణ ప్రభుత్వము ఏటేట పురస్కారము నొసగుచున్నది. సంతోషమే. కాని గతించిన కవికి మాల వేయుటకు ధైర్యమక్కరలేదు. జీవించి వ్రాయుచున్నవానిని పాలకుడు ఎట్లు చూచుచున్నాడు? పరీక్ష అచ్చటనే యున్నది.

నేటి వ్రాతగానికి బొగ్గు అక్కరలేదు. చేతిలోని ఫోనే చాలును. ఫేస్‌బుక్ మున్నగు వేదికలలో ఎవరి పుట వారికున్నది. దానిని జనులు గోడ యనుచున్నారు. యజమాని లేడు, ప్రకటనల ఆదాయము లేదు, వెనుక నిలుచు సంస్థ లేదు. చూచినది వ్రాయును, నలుగురు చదువుదురు. ఆళ్వారుస్వామివలె అతడును ఒంటరివాడు. కావుననే అతనిని పట్టుట సులువు.

2013 మే నెలలో జరిగినదానిని వినుడు. అప్పటికి మన రాష్ట్రము విడిపోలేదు. జయా వింధ్యాల గారు న్యాయవాది. 1976లో జయప్రకాశ్ నారాయణ్ గారు స్థాపించిన పీయూసీఎల్ అను పౌరస్వేచ్ఛా సంఘమునకు రాష్ట్రనాయకురాలు. చీరాల శాసనసభ్యుని గూర్చియు, అప్పుడు తమిళనాడు గవర్నరుగా నుండిన రోశయ్యగారి గూర్చియు ఆమె తన ఫేస్‌బుక్ పుటలో విమర్శలు వ్రాసిరి. 12వ తేదీన చీరాల పోలీసులు హైదరాబాదునుండి ఆమెను నిర్బంధించి తీసికొనిపోయిరి. ఆమె వ్రాసినవి నిజములో కాదో విచారించుటకు న్యాయస్థానములు కలవు. విచారణకు ముందే చెర యేల? వ్రాతవలన ఏ ఊరిలోనైన కలహము పుట్టెనా? ఎవరికైన గాయమయ్యెనా? అట్లని ఎవరును చెప్పలేదు.

ఆ నిర్బంధమునకు ఆధారముగా చూపినది సమాచార సాంకేతిక చట్టమందలి 66-ఏ సెక్షను. మిక్కిలి అభ్యంతరకరమైన దానిని పంపినవానికి మూడేండ్లవరకు కారాగారమని దాని సారము. అభ్యంతరకరమనగా ఏమి? ఎవరికి? చట్టము చెప్పలేదు. ఠాణాలో కూర్చున్నవాని అభిరుచియే చట్టమైనది. వెనుకటి సంస్థానమున గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు ఉండెడిది. అనుమతి లేనిదే సభ జరుపరాదు. అనుమతి యిచ్చుట, మానుట అధికారి యిష్టము. ఆ ఉత్తరువును నిందించుచు పెరిగిన జాతి, స్వరాజ్యము వచ్చిన ఆరు దశాబ్దముల పిమ్మట దానికి చెల్లెలివంటి చట్టమును తానే కనినది!

జయా వింధ్యాల గారి నిర్బంధము సుప్రీంకోర్టు దృష్టికి పోగా, 2013 మే 16న ఆ న్యాయస్థానము ఉన్నత పోలీసు అధికారి అనుమతి లేనిదే ఈ సెక్షను క్రింద ఎవరిని నిర్బంధింపరాదని చెప్పెను. పిదప 2015 మార్చి 24న, శ్రేయా సింఘాల్ వ్యాజ్యమున, తెలుగువారైన జాస్తి చలమేశ్వర్ గారు, రోహింటన్ నారిమన్ గారు కూర్చున్న పీఠము ఆ సెక్షనునే కొట్టివేసినది. ఆ తీర్పున ఒక విభజన కలదు. మనము కంఠస్థము చేయదగినది. ఒక విషయమును చర్చించుట వేరు, దానిని సమర్థించుట వేరు, హింసకు ప్రేరేపించుట వేరు. మొదటి రెండును, ఎంత కటువైనను, రాజ్యాంగపు 19వ అధికరణము కాపాడు స్వాతంత్ర్యములు. మూడవదానినే చట్టము అడ్డవలెను.

అంతటితో బాధ తీరెనా? తీరలేదు. కొట్టివేసిన సెక్షను క్రిందనే పోలీసులు ఇంకను కేసులు పెట్టుచుండిరని పీయూసీఎల్ మరల కోర్టు కెక్కవలసివచ్చెను. ఎవ్వరిని ఆ సెక్షను క్రింద విచారింపరాదని 2022 అక్టోబరు 12న సుప్రీంకోర్టు తిరిగి ఆజ్ఞాపింపవలసివచ్చెను. చచ్చిన పాము కరచుచుండిన దన్నమాట! 2020 మే నెలలో విశాఖపట్టణపు విషవాయు ప్రమాదమును గూర్చి ప్రశ్నలు వ్రాసిన, అరువదియేండ్లు దాటిన గుంటూరు మహిళ యొకరికి సీఐడీ తాఖీదులు అందినవి. 2025 మార్చి 12న హైదరాబాదున రేవతి, తన్వీ యాదవ్ అను పాత్రికేయురాండ్రను తెల్లవారుజామున పోలీసులు పట్టుకొనిపోయిరి; ముఖ్యమంత్రిని ఒక రైతు దూషించిన వీడియోను ప్రచురించుట వారిపై మోపిన నేరము. రాష్ట్రము రెండైనది, జెండాలు మారినవి, ముఖ్యమంత్రులు మారిరి. తెల్లవారుజామున తలుపు తట్టు వాడుక మాత్రము మారలేదు. కావున మేము ఏ కక్షి పక్షమునను మాటలాడుట లేదు. నేడు ప్రతిపక్షమున నుండి స్వేచ్ఛాగీతము పాడువారే రేపు గద్దె నెక్కి తాఖీదులు వ్రాయుదురు.

మీలో కొందరి మనస్సున ఒక ఆక్షేపణము మెదలుచుండును. "ఆ గోడలపై బూతులు లేవా? అబద్ధములు లేవా? ఆడువారిని అవమానించు నీచులు లేరా?" కలరు. వారిని సమర్థింపుడని మేము కోరము. పరువునష్టమునకు దావా కలదు. బెదరింపునకు, అసభ్య దూషణకు వేరు చట్టములు కలవు. దొంగలున్నారని దారినే మూసివేయుదురా? మరియొక్క సంగతి. సామాన్యుని దూషించినవాని యింటికి పోలీసులు తెల్లవారుజామున పరుగెత్తుట మీరెప్పుడైన చూచితిరా? దూషితుడు పాలకుడైనప్పుడే వారి కాళ్లకు వేగము వచ్చును. కావున అచ్చట కాపాడబడుచున్నది మర్యాద కాదు, పదవి.

ఇక ఇది మన జిల్లాకు సంబంధించినదా యందురేమో. బోధనుకు పొండు. 1931లో ముగిసిన నిజాంసాగరపు నీరు చెరకును పెంచగా, 1937లో శక్కర్‌నగరున నిజాము చక్కెర కర్మాగారము వెలసినది. దాని చుట్టును ఊళ్లు, బడులు, బండ్లు, బజారులు పెరిగినవి. 2002లో దానిలో అధికభాగము ప్రైవేటు చేతులకు పోయెను. 2015 డిసెంబరులో అది మూతబడెను. చెరకు వేసిన రైతు గానుగ కోసము దూరము వెదకుకొనెను. కార్మికుడు జీతము కొరకు ధర్నాలో కూర్చుండెను. ఎన్నికలకొక మారు వాగ్దానములు వచ్చి పోవుచుండెను. ఆ కార్మికుని మాట మొదట ఎవరు వ్రాయుదురు? ప్రభుత్వ ప్రకటనలపై బ్రతుకు పత్రికయా? నాయకుని అండతో నడచు చానలా? అవి వ్రాసిన నాడు సంతోషమే. వ్రాయని నాడు మిగులువాడు ఆ ఒంటరివాడే. అతడు భయపడి ఊరకున్నచో, కర్మాగారపు గొట్టమువలెనే కార్మికుని గొంతును చల్లబడును. స్వేచ్ఛ పండితుల విలాసమని కొందరందురు. అది పొరబాటు. బకాయి జీతమును అడుగుటకును అదియే మొదటి మెట్టు.

అట్లయిన మనమేమి చేయవలెను? మూడు పనులు చెప్పి ముగింతుము. మొదటిది: చట్టమును తెలిసికొనుడు. నిర్బంధించిన వానికి కారణము చెప్పవలెననియు, న్యాయవాదిని సంప్రదింపనీయవలెననియు, ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెననియు రాజ్యాంగపు 22వ అధికరణము శాసించుచున్నది. నిర్బంధ పత్రమును వ్రాసి సాక్షి సంతకము తీసికొనవలెనని 1996 నాటి డి.కె.బసు తీర్పు. ఏడేండ్లలోపు శిక్ష గల నేరములలో యాంత్రికముగా నిర్బంధింపరాదని 2014 నాటి అర్నేష్ కుమార్ తీర్పు. ఈ మాటలను తెలుగున అచ్చువేసి ఈ పఠనాలయపు గోడకు అంటింపుడు. రెండవది: మీ ఊరిలో ఒక వ్రాతగానిని పట్టుకొనిపోయిన నాడు, అతని అభిప్రాయము మీకు నచ్చినదా లేదా యని తూచవద్దు, అతనిని ఏ చట్టము క్రింద తీసికొనిపోయిరని పదిమంది పోయి ఠాణాలో అడుగుడు. ఒంటరివాడు ఒంటరి కాదని అధికారికి తెలిసినచాలును, సగము కేసులు పుట్టవు. మూడవది: వ్రాయువారలారా! నిజము నిర్ధారించుకొని వ్రాయుడు. మీ అబద్ధమొక్కటి చాలును, నూరుగురు సత్యవాదులను బంధించుటకు సాకగును.

సోదరులారా! దాశరథి బొగ్గుతో వ్రాయుచుండగా గోడ తుడిచిన జవానును గూర్చి మేము అప్పుడప్పుడు తలచుకొందుము. అతడు క్రూరుడు కాకపోవచ్చును, ఆజ్ఞను పాటించినాడు. తుడుచువారు ఎల్ల కాలములందును దొరకుదురు. చదివి జ్ఞాపకముంచుకొను ఆళ్వారుస్వామి ఒక్కడు ప్రక్కన ఉన్నాడా లేడా యన్నదే ప్రశ్న. ఆ ఒక్కడు మనము కావలెను. ఈసారి ఖిల్లా మెట్లెక్కునప్పుడు, స్వామికి నమస్కరించి, ఆ గోడల ముందు ఒక క్షణము నిలువుడు. పిమ్మట దిగివచ్చి, నేటి గోడపై వ్రాయుచున్నవానికి తోడు నిలువుడు.

వందేమాతరమ్.