మన సెలవు, వాళ్ళ అడవి

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



రెండు రోజులుగా మనం కూలి రేట్ల గురించి, గృహహింస గురించి, భూమి పట్టాల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు నన్ను విహారయాత్రల గురించి చెప్పమన్నారు. ఇదేం హక్కుల విషయం అని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ నా జీవితంలో సరదా కోసం చేసిన ఒకే ఒక్క పెద్ద ప్రయాణం గురించి వెనక్కి తిరిగి ఆలోచిస్తే, ఏ శిక్షణా తరగతిలోనూ నేర్చుకోని పాఠం ఒకటి అందులో ఉంది. దాన్నే ఇవాళ మీ ముందు పెడతాను.

ముందుగా ఒక మాట. ఆడవాళ్ళకు సెలవు అనేది లేదు. ఉద్యోగానికి సెలవు పెట్టవచ్చు. వంటింటికి ఎవరు సెలవిస్తారు? మనం ఊరు కదిలామంటే పెళ్ళికో, పురిటికో, చావుకో, మొక్కు తీర్చుకోవడానికో అయ్యుంటుంది. అక్కడికి వెళ్ళినా పిల్లల పాలసీసాలు, అత్తగారి మందులు మన సంచిలోనే ఉంటాయి. అందుకే 2008 జనవరిలో మేం ఐదుగురు టీచర్లం, ఇంట్లో మగవాళ్ళెవరూ తోడు లేకుండా అండమాన్ దీవులకు బయల్దేరడం మాకు చిన్న సంగతి కాదు. దానికోసం రెండేళ్ళు చీటీ కట్టాం. "ఆడవాళ్ళకి ఒంటరిగా షికార్లేమిటి" అన్న మాటలు ఎన్ని పడ్డామో మీకు చెప్పనక్కర్లేదు.

విశాఖపట్నంలో ఓడ ఎక్కాం. రెండున్నర రోజుల ప్రయాణం. చుట్టూ నీళ్ళు తప్ప మరేమీ లేవు. "టీ ఏదీ" అని అడిగేవాళ్ళు లేరు. మాలో పెద్దావిడ డెక్ మీద కూర్చుని, "పెళ్ళయ్యాక ముప్పై ఏళ్ళలో ఇంతసేపు ఊరికే కూర్చోవడం ఇదే" అంది. ఆ మాటకు మేమంతా నవ్వాం. తర్వాత ఎవరమూ నవ్వలేదు. విశ్రాంతి కూడా స్త్రీల హక్కేనని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. ఆ హక్కును వాడుకున్నందుకు నేను సిగ్గుపడటం లేదు. సిగ్గుపడే సంగతి వేరే ఉంది.

పోర్ట్ బ్లెయిర్‌లో దిగాం. 2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. మేం వెళ్ళినప్పటి పేరుతోనే చెబుతాను. బజారులో అడుగడుగునా తెలుగు వినిపించింది. అక్కడ నూటికి సుమారు పదమూడు మంది మాతృభాష తెలుగేనని 2011 జనాభా లెక్కలు చెబుతున్నాయి. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వెళ్ళి చేపల వేట మీద బతుకుతున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. మేం దిగిన బసలో గదులు తుడిచే ఆమె కూడా శ్రీకాకుళం ఆడబిడ్డే.

మొదటిరోజు సెల్యులర్ జైలు చూశాం. రంప తిరుగుబాటు ఖైదీలను, కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారిని ఈ దీవులకే పంపారని గుర్తు చేసుకుని కళ్ళు చెమర్చాం. అయితే మా గైడు చెప్పనిది ఒకటుంది. 1858లో ఇక్కడ ఖైదీల వలస మొదలుపెట్టాక బ్రిటిష్ ప్రభుత్వం ఆడ ఖైదీలను కూడా పంపింది. వాళ్ళను విడిగా ఒక జైల్లో ఉంచి, సత్ప్రవర్తన చూపిన మగ ఖైదీలు పెళ్ళికి ఎంచుకునేందుకు వరసగా నిలబెట్టేవాళ్ళు. ఇది నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ గోడల మధ్య ఎన్ని గంటలు తిరిగినా ఆ స్త్రీల ఊసు ఒక్కరూ ఎత్తలేదు. టూరిస్టుకు ఏం చూపించాలో, ఏం చూపించకూడదో ముందే ఎవరో నిర్ణయిస్తారు.

ఇక అసలు విషయానికి వస్తాను. మూడోరోజు బారాటాంగ్ దీవికి ప్రయాణం. అక్కడ సున్నపురాతి గుహలు, బురద కక్కే చిన్న అగ్నిపర్వతం ఉన్నాయి. తెల్లవారుజామున మూడింటికే లేపారు. "అదృష్టం ఉంటే దారిలో జరవాలు కనబడతారు" అన్నాడు బండి మాట్లాడినతను. పులి కనబడుతుంది, ఏనుగు కనబడుతుంది అన్నట్టే అన్నాడు. మాలో ఒక్కరికీ అందులో తప్పు తోచలేదు.

జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బళ్ళన్నీ ఆపి, వరసగా నిలబెట్టి, ముందూ వెనకా పోలీసు కాపలాతో పంపుతారు. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ రేవు దాకా సుమారు 49 కిలోమీటర్ల రోడ్డు జరవాల అడవిలోంచి పోతుంది. బండి ఆపకూడదు, ఫోటో తీయకూడదు, తినడానికి ఏమీ ఇవ్వకూడదు అని బోర్డులున్నాయి. బోర్డు చదివిన ఐదు నిమిషాలకే మా బస్సులో కెమెరాలు బయటికి వచ్చాయి.

ఒక మలుపులో రోడ్డు పక్కన ఒకామె నిలబడి ఉంది. చంకలో బిడ్డ. పక్కన ఇంకో ఆడపిల్ల. బస్సు నెమ్మదించింది. అందరం ఒకవైపుకు ఒరిగాం. ఎవరో అరటిపళ్ళు, బిస్కెట్ పొట్లం కిటికీలోంచి విసిరారు. వెనక సీట్లో మగవాళ్ళు ఆమె ఒంటి మీద బట్టలు లేకపోవడం గురించి ఏదో అని నవ్వారు. ఇన్నేళ్ళు బస్సుల్లో మగవాళ్ళ చూపుల గురించి, మాటల గురించి పోట్లాడినదాన్ని, ఆ నవ్వు విని వెనక్కి తిరగలేదు. ఎందుకంటే నేనూ చూస్తున్నాను. నాది కిటికీ పక్క సీటు. దానికోసం పొద్దున్న అందరికన్నా ముందు ఎక్కి కూర్చున్నాను.

ఆమె మమ్మల్ని చూసి నవ్వలేదు, చెయ్యి ఊపలేదు. బిడ్డను రెండో చంకలోకి మార్చుకుని వెనక్కి తిరిగింది. అంతే.

సాయంత్రం బసకు వచ్చాక గది తుడిచే ఆమె, "ఏటి చూసొచ్చినారమ్మా?" అంది. గుహలు చూశాం, జరవాలను కూడా చూశాం అని ఉత్సాహంగా చెప్పాం. ఆమె చీపురు ఆపి, "మాయమ్మ పొద్దుట నీళ్ళాడతంటే ఎవుడైనా గోడెక్కి సూస్తే తన్నేవోళ్ళం. ఆళ్ళకి గోడ నేదు కదా" అంది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఇంటికి వచ్చాక ఆ రోడ్డు గురించి చదవడం మొదలుపెట్టాను. నేను తెలుసుకున్న సంగతులు మీకూ తెలియాలి.

జరవా అన్నది వాళ్ళు పెట్టుకున్న పేరు కాదు. పక్క తెగవాళ్ళు "పరాయివాళ్ళు" అన్న అర్థంలో పిలిచిన మాట. వాళ్ళు తమను తాము "అంగ్" అనుకుంటారు. 2011 లెక్కల్లో వాళ్ళు 380 మంది. వాళ్ళ రక్షణకు 1956లోనే ఆదిమ తెగల రక్షణ నిబంధన తెచ్చి, ఆ అడవిని వాళ్ళకోసమే కేటాయించారు. తర్వాత అదే అడవి గుండా ప్రభుత్వమే అండమాన్ ట్రంక్ రోడ్డు వేసింది. జరవాలు దశాబ్దాలపాటు బయటివాళ్ళను బాణాలతో అడ్డుకున్నారు. 1997 చివర నుంచి ఆయుధాలు లేకుండా బయటికి రావడం మొదలుపెట్టారు. రెండేళ్ళు తిరక్కుండానే, 1999లో, వాళ్ళలో తట్టు వ్యాపించింది. మనకు చిన్నపిల్లల జబ్బు, వాళ్ళకు ప్రాణాంతకం.

ఇది ఊహించి చెప్పే భయం కాదు. పక్కనే గ్రేట్ అండమానీయుల కథ ఉంది. 1858లో వాళ్ళు ఐదు వేల మందికి పైగా ఉండేవారని అంచనా. 1877లో తట్టు, దానికి తోడు వలసవాళ్ళు అంటించిన లైంగిక వ్యాధులు వాళ్ళను ఊడ్చేశాయి. 2011 నాటికి మిగిలింది 44 మంది. వాళ్ళలో బో భాష మాట్లాడే చివరి మనిషి ఒక స్త్రీ, పేరు బోవా సీనియర్. 2010 జనవరిలో సుమారు 85 ఏళ్ళ వయసులో చనిపోయింది. ఆమెతోపాటు ఆ భాష కూడా పోయింది. తన భాషలో మాట్లాడేందుకు మనిషి లేక ఆమె పక్షులతో మాట్లాడేదట.

నన్ను ఎక్కువ కలచివేసింది ఇంకొకటి. జరవాల అడవిలో సాగే ఆ రోడ్డును మూసేయమని సుప్రీంకోర్టు 2002 మే నెలలోనే ఆదేశించింది. అంటే మేం ఐదుగురం, పిల్లలకు పౌరధర్మాలు బోధించే టీచర్లం, దేశంలోని అత్యున్నత న్యాయస్థానం మూసేయమన్న రోడ్డు మీద, ఆరేళ్ళ తర్వాత, టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళాం!

2012 జనవరిలో ఒక బ్రిటిష్ పత్రిక బయటపెట్టిన వీడియో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తిండి కోసం జరవా స్త్రీల చేత నాట్యం చేయించిన వీడియో. రక్షణకు పెట్టిన పోలీసే ఆడమని చెబుతున్నాడని ఆ పత్రిక రాసింది. అది పాత వీడియో అని అధికారులు సమాధానం ఇచ్చారు. పాతదైతే అవమానం తగ్గుతుందా? ఆ ఏడే రక్షణ నిబంధనను సవరించి శిక్షలు పెంచారు. 2013 జనవరిలో సుప్రీంకోర్టు టూరిస్టులను ఆ రోడ్డు మీద ఆపేసింది. మార్చిలో ఆ ఉత్తర్వు ఎత్తేశాక బళ్ళు మళ్ళీ కదిలాయి. 2017లో బారాటాంగ్‌కు సముద్రం మీదుగా వేరే దారి మొదలుపెట్టారు. రోడ్డు మాత్రం మూతపడలేదు.

ఇక్కడ మనం న్యాయంగా మాట్లాడాలి. ఆ రోడ్డు అవతల, మధ్య, ఉత్తర అండమాన్లలో వేలాది కుటుంబాలున్నాయి. దేశవిభజన తర్వాత ప్రభుత్వమే తెచ్చి స్థిరపరిచిన బెంగాలీ శరణార్థులు ఉన్నారు. మన తెలుగువాళ్ళూ ఉన్నారు. రంగత్‌లో ఒక గర్భిణికి రక్తస్రావమైతే పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రికి చేర్చడానికి దారి కావాలి. ఆమె హక్కును కాదనడానికి నేను ఇక్కడికి రాలేదు. కానీ ఆ గర్భిణి అవసరాన్నీ, మా ఐదుగురి సరదానూ ఒకే కాన్వాయ్‌లో కలిపి, "రోడ్డు జనానికి అవసరం" అని వాదించడం మోసం. అంబులెన్సు వెళ్ళాలి. టూరిస్టు బస్సు వెళ్ళనక్కర్లేదు. ఈ రెంటినీ విడదీయడానికి పెద్ద చదువు అవసరం లేదు.

స్త్రీలుగా మనం ఇంకో మెట్టు ముందుకు వెళ్ళి ఆలోచించాలి. టూరిజం ప్రకటనల్లో దీవిని ఎలా చూపిస్తారు? కన్యలా, ఎవరూ తాకని అందంలా. అక్కడి స్త్రీని చెట్టుతో, కెరటంతో కలిపి దృశ్యంలో ఒక భాగం చేస్తారు. డబ్బిచ్చి కొనుక్కున్నది దృశ్యమే కాబట్టి ఆమెనూ కొనుక్కున్నట్టే అనుకుంటాడు చూసేవాడు. మన శరీరం మీద మనకే హక్కు అని మనం అంటున్నామే, ఆ హక్కులో ఒక ముఖ్యమైన భాగం, మన ఇష్టం లేకుండా ఎవరూ మనల్ని వింతలా చూడకుండా ఉండటం. ఆ హక్కు జరవా స్త్రీకి మనకన్నా ఎక్కువ అవసరం. ఆమెకు వాకిలి లేదు, తలుపు లేదు. మనం ఇల్లంటున్నది ఆమెకు అడవే. మా కాన్వాయ్ పోయింది ఆమె ఇంట్లోంచి.

"పాపం, వాళ్ళను అడవిలోనే ఉంచేస్తారా, చదువూ వైద్యం వద్దా?" అని నన్ను చాలామంది అడిగారు. ఎంతవరకు బయటికి రావాలి, ఎప్పుడు రావాలి అన్నది వాళ్ళు నిర్ణయించుకోవాలి. బిస్కెట్ పొట్లం విసిరేవాడు కాదు. ఆ పొట్లంతోపాటు పొగాకు, సారా కూడా వెళ్ళాయి. అడవిలోకి దొంగతనంగా చొరబడే వేటగాళ్ళు మత్తు అలవాటు చేసి జరవా ఆడపిల్లలను లొంగదీసుకుంటున్నారని 2014లో ఒక జరవా యువకుడే చెప్పగా పత్రికల్లో వచ్చింది. సంబంధాలు పెరగడమంటే ముందుగా దెబ్బ తగిలేది ఎవరికో మనకు తెలియనిది కాదు.

చివరగా మన సంగతి. దూరాన ఉన్న దీవి గురించి మాట్లాడి, చప్పట్లు కొట్టి, భోజనాలకు లేవడం తేలిక. అరకులో దిగిన టూరిస్టుల కోసం సాయంత్రాలు థింసా ఆడే స్త్రీల గురించి మనం ఏనాడైనా అడిగామా? పండక్కి తమకోసం తాము ఆడుకునే ఆట అది. దానికి వాళ్ళకు ముట్టేదెంత? ఆడనని చెప్పే వీలు వాళ్ళకు ఉందా?

ఇంకా దగ్గరికి వస్తాను. నిధులిచ్చే సంస్థల ప్రతినిధులు వస్తే మన సంస్థలు ఏం చేస్తున్నాయి? జీపుల్లో గూడేనికి తీసుకెళ్తాం. కూలి మానిపించి ఆడవాళ్ళను చెట్టుకింద కూర్చోబెడతాం. దండ వేయిస్తాం, పాట పాడిస్తాం, ఆట ఆడిస్తాం. కొట్టిన మొగుడి గురించి కొత్తవాళ్ళ ముందు చెప్పిస్తాం. ఫోటోలు తీసి నివేదికలో వేసుకుంటాం. నేనూ చేయించాను. అండమాన్ నుంచి వచ్చిన తర్వాత కూడా రెండుసార్లు చేయించాను. మూడోసారి ఒకామె పైటచెంగు ముఖానికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది. అప్పుడు ఆ రోడ్డు మలుపు గుర్తొచ్చింది. అప్పటి నుంచి మా సంస్థలో కొన్ని నియమాలు పెట్టుకున్నాం. అడగకుండా ఫోటో తీయం. వచ్చినవాళ్ళ కోసం ఆట ఆడమని అడగం. పని మానుకుని వచ్చిన స్త్రీకి ఆ రోజు కూలి ఇస్తాం. ఎవరైనా రానంటే కారణం అడగం. వీటివల్ల కొందరు దాతలకు కోపం వచ్చింది. రానివ్వండి.

మిత్రులారా, సెలవు తీసుకోండి. చీటీలు కట్టుకుని, ఇంట్లో పోట్లాడి మరీ వెళ్ళండి. సముద్రం చూడండి, ఊరికే కూర్చోండి. అండమాన్ వెళ్ళినా ఆ కాన్వాయ్ మాత్రం ఎక్కకండి. ఎక్కమని ఎవరు ప్యాకేజీ అమ్మినా, ఎందుకు ఎక్కకూడదో వాళ్ళకు చెప్పండి. ఆ అడవి దారి టూరిస్టులకు మూసేయాలన్న డిమాండును మన తీర్మానాల్లో చేర్చాలని ఈ సభను కోరుతున్నాను.

ఆ రోజు ఆమె వెనక్కి తిరిగింది. ఆమె చెప్పదలచుకున్నది చెప్పేసింది. వినవలసింది మనమే.

సెలవు.