ఉత్తములెవరు, అధములెవరు? ఆండర్సన్‌పేట లెక్క

(ఆండర్సన్‌పేట తెలుగు కుటుంబాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వతంత్ర భారతాన్ని ఏలిన ప్రధానులలో ఉత్తములెవరు, అధములెవరు అన్నది నాకు అప్పగించిన విషయం. బడిపిల్లల వక్తృత్వ పోటీకి పెట్టే ప్రశ్నలా ఉంది. దిల్లీ వ్యాసకర్తలు దీనికి తడుముకోకుండా జవాబు చెబుతారు. యుద్ధం గెలిచినవారికి ఇన్ని మార్కులు, ఆనకట్టలు కట్టినవారికి ఇన్ని, అణుపరీక్ష జరిపినవారికి ఇన్ని. ఆ లెక్క తప్పని నేననను. అందులో ఆండర్సన్‌పేటకు చోటు లేదని మాత్రం అంటాను.

అమెరికాలో 1948లో ఆర్థర్ ష్లెసింజర్ అనే ఆచార్యుడు 55 మంది పండితుల అభిప్రాయాలు సేకరించి తమ దేశాధ్యక్షులను వరుసగా నిలబెట్టాడు. లింకన్ మొదటివాడు, హార్డింగ్ చివరివాడు. మహనీయుల వరుసలో ఆరుగురిని చేర్చారు. ఆ ఆరవవాడు ఆండ్రూ జాక్సన్. అతడు 1830లో చేయించిన చట్టం మూలంగా ఇల్లూ వాకిలీ విడిచి మిసిసిపి నది ఆవలికి నడిచిన చెరోకీ ప్రజలే ఆ వరుసను కట్టి ఉంటే అతని పేరు ఎక్కడ ఉండేదో మీరే ఊహించండి. కొలిచేవాడు ఎక్కడ నిలబడి కొలుస్తున్నాడన్నది అంత ముఖ్యం. మనం గని మూతపడిన ఊళ్లో, సైనైడ్ దిబ్బల దుమ్ము గాలికి రేగే ఊళ్లో నిలబడి ఉన్నాం. మనకు రెండే కొలబద్దలు. ఒకటి బడి, రెండవది గని.

ముందు బడి సంగతి.

1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రులు సమావేశమై ఒక తీర్మానం చేశారు. ప్రాథమిక పాఠశాల మొత్తంలో 40 మంది పిల్లలు గాని, ఒక తరగతిలో 10 మంది గాని రాష్ట్రభాష కాని మాతృభాష కలవారైతే వారికి ఆ భాషలో బోధించే ఉపాధ్యాయుణ్ణి నియమించాలి. 10, 40. ఈ రెండు అంకెలు గుర్తుంచుకోండి. మన భాషా హక్కుల చరిత్రలో సామాన్యుడు తన చేతివేళ్ల మీద లెక్కపెట్టి అడగగలిగిన హక్కు ఇదొక్కటే. అప్పుడు ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ.

ఆ నెహ్రూయే భాషారాష్ట్రాలను వాయిదా వేయడానికి పూనుకున్నవాడు. తాను, వల్లభ్‌భాయ్ పటేల్, మన పట్టాభి సీతారామయ్య కలిసి 1949 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదికలో ఈ విషయాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టడమే మేలన్నారు. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములుగారు మద్రాసులో బులుసు సాంబమూర్తిగారి ఇంట నిరశన మొదలుపెట్టారు. డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. నాలుగు రోజుల తరువాత, డిసెంబరు 19న, నెహ్రూ ఆంధ్రరాష్ట్ర ప్రకటన చేశాడు. ఆ ప్రకటన నాలుగు రోజులు ముందు రాకూడదా అన్న ప్రశ్నకు ఇన్నేళ్లయినా జవాబు లేదు. ఒక ప్రాణం పోయేదాకా కదలని ప్రధానిని ఉత్తముడని తెలుగువాడు ఎట్లా అంటాడు?

అయినా నేను అంటాను. ఎందుకో చెబుతాను.

శ్రీరాములుగారి త్యాగం ఆంధ్రులకు రాష్ట్రాన్ని ఇచ్చింది. మనకు ఇవ్వలేదు. కోలారు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనిది కాదు, మైసూరు సంస్థానంలోనిది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన నాడు ఇక్కడి తెలుగువాణ్ణి అడిగినవారు లేరు. తరువాత ఫజల్ అలీ, కుంజ్రూ, పణిక్కర్ సభ్యులుగా రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం వచ్చింది. ఈ జిల్లాలో తెలుగు మాట్లాడేవారే సగానికి మించి ఉన్నారని జనాభా లెక్కలు చెబుతున్నా, జిల్లా కర్ణాటకలోనే ఉండాలని సంఘం 1955లో నిర్ణయించింది. దానిపై ఈనాడు మనకు తగవు లేదు. కన్నడం ఈ నేల భాష, మన పిల్లలు నేర్చుకుంటున్న భాష, నేర్చుకోవలసిన భాష. గీత ఎక్కడ గీసినా ఆవల కొందరు మిగులుతారు. కనుక, గీత గీసినవాడు ఆ మిగిలినవారికి ఏం ఇచ్చాడన్నదే మనం అడగవలసింది.

నెహ్రూ ప్రభుత్వం మూడు ఇచ్చింది. 1956లో ఏడవ రాజ్యాంగ సవరణ ద్వారా 350-ఎ అధికరణం వచ్చింది. భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన జరిగేందుకు ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా తగిన ఏర్పాట్లు చేయడానికి ప్రయత్నించాలని అది చెబుతుంది. 350-బి కింద ఈ రక్షణలు అమలవుతున్నాయో లేదో చూసి రాష్ట్రపతికి నివేదించే ప్రత్యేకాధికారి పదవి ఏర్పడింది. అదే సంవత్సరం కేంద్రం ఇచ్చిన పత్రంలో, ఒక జిల్లా జనాభాలో 30 శాతం, అంతకు మించి వేరొక భాషవారు ఉంటే ఆ జిల్లాను పరిపాలనలో ద్విభాషా ప్రాంతంగా చూడాలన్న సూత్రం ఉంది. ఆనాటి కోలారుకు ఆ సూత్రం వర్తించక ఎక్కడ వర్తిస్తుంది?

ఇక్కడొక మెలిక ఉంది. 350-ఎలో రాష్ట్రపతి రాష్ట్రాలకు తగిన ఆదేశాలు ‘ఇవ్వవచ్చు’ అని ఉంది, ‘ఇవ్వాలి’ అని లేదు. ఆ ఒక్క ‘వచ్చు’ మన పిల్లల పలకలను ఎంతకాలం ఖాళీగా ఉంచిందో! ఆ మాటను అట్లా రాయనిచ్చినందుకు నెహ్రూకు కొన్ని మార్కులు తగ్గించవలసిందే. తగ్గించిన తరువాత కూడా ఆయనే పైన ఉంటాడు. తనకు ఇష్టం లేని సూత్రానికి లొంగవలసి వచ్చినప్పుడు, గీతకు ఆవల ఓట్ల బలం లేకుండా మిగిలిపోయే మనుషులను రాజ్యాంగంలో గుర్తుపెట్టుకున్న ప్రధాని ఆయన. మన చేతిలో ఈనాడు ఉన్న కాగితాలన్నీ ఆ కాలానివే.

లాల్‌బహదూర్ శాస్త్రిగారు ఏలింది 19 నెలలు. 1965 జనవరి 26తో హిందీ ఒక్కటే అధికార భాష కాబోతోందని దక్షిణాది మండిపడినప్పుడు, ఆయన ఫిబ్రవరిలో రేడియోలో మాట్లాడి, ఇంగ్లీషు కొనసాగుతుందని హామీ ఇచ్చారు. తమవారు కానివారి మాట విని మెత్తబడగలిగారు. అంత తక్కువ కాలంలో అంతకు మించి కొలవలేం.

ఇందిరాగాంధీ దగ్గరకు వస్తే నా మాట కొందరికి కటువుగా ఉంటుంది. 1971 ఎన్నికల్లో లోక్‌సభలో ఆమె పక్షం 352 స్థానాలు గెలిచింది. ఏది తలచుకుంటే అది చేయగల బలం. 1976లో అత్యవసర పరిస్థితి నడుస్తుండగా 42వ సవరణతో విద్యను రాష్ట్రాల జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మార్చారు. అంటే, ‘బడి రాష్ట్రం చేతిలో ఉంది, మేమేం చేయగలం’ అని కేంద్రం తప్పుకునే దారి ఆనాటితో మూసుకుపోయింది. ఆ అధికారంతో సరిహద్దు జిల్లాల బడులకు 10, 40 సూత్రాన్ని చట్టంగా చేసి ఇవ్వవచ్చు. చేయలేదు. అధికారం తీసుకున్నారు, బాధ్యత తీసుకోలేదు. మనపై ద్వేషమున్న ప్రధాని ఎవరూ లేరు. శక్తి చాలనివారిని క్షమించవచ్చు. శక్తి అంతా ఉండి మన వైపు చూడనివారిని ఏమనాలి? బడి కొలబద్దతో నేను అట్టడుగున నిలిపేది ఆమెనే.

గని కొలబద్ద వేరు. దానిమీద ఆమెకు కొన్ని మార్కులు ఇవ్వక తప్పదు.

జాన్ టేలర్ కంపెనీ 1880లో మొదలుపెట్టిన ఈ గనులను 1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్రం చేతికి తీసుకున్నాయి. చిత్తూరు నుంచి వచ్చిన తెలుగువాడూ, ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన తమిళుడూ ఒకే పంజరంలో నిలబడి మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగారు. శిల పగిలి మీదపడితే ఇద్దరూ ఒకే చోట పోయారు. (అందుకే ఈ ఊళ్లో మన బడి ప్రశ్నను పక్కింటి తమిళ సోదరుడు కూడా అడుగుతాడు. అతనికీ అవే 10, 40.) కేంద్రం తీసుకున్నప్పుడు ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయ్. 1963 జనవరిలో ఆయన బంగారు నియంత్రణ తెచ్చి దేశమంతటా కంసాలుల పొయ్యిలు చల్లార్చాడు. ఇక్కడి బంగారాన్ని ప్రభుత్వం బజారు ధరకు కాక, అంతకు ఎంతో తక్కువగా ఉన్న అంతర్జాతీయ అధికారిక ధరకు లెక్కగట్టుకునేది. ఇంటి పెద్ద మన పాలు మూడువంతుల ధరకు కొలిచి తీసుకుని, ఏడాది చివర ‘ఈ ఆవు నష్టం’ అన్నట్లుంది. రాతిలో బంగారం తగ్గుతూ వచ్చిన మాట నిజమే. నష్టాల పద్దులో ఆ ధర పాలు కూడా ఉందన్న మాటా అంతే నిజం. 1964 మే నెలలో, నెహ్రూ చివరి నెలలో, ఇక్కడ బి.ఇ.ఎం.ఎల్. వెలిసింది. 1972లో ఇందిర కాలంలో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడింది. గనికి మరికొంత ఆయుష్షు దక్కింది.

ఇక పి.వి. నరసింహారావుగారు. ఈ సభలో చేతులెత్తమంటే మొదటి స్థానం ఆయనకే వస్తుందని నాకు తెలుసు. ‘వేయిపడగలు’ను హిందీలోకి తెచ్చినవాడు, 1968లో తెలుగు అకాడమీ స్థాపనకు మూలపురుషుడు, బహుభాషావేత్త. ఆ గౌరవంలో నాకూ పాలుంది. అయితే గని కొలబద్ద పట్టుకుని చూడండి. 1991లో విదేశీ మారకం అడుగంటినప్పుడు దేశం తన బంగారాన్ని విమానాలకు ఎక్కించింది. మేలో చంద్రశేఖర్ ప్రభుత్వం 20 టన్నులు పంపింది, జూలైలో పి.వి. ప్రభుత్వం 47 టన్నులు తాకట్టు పెట్టింది. దేశం పరువు నిలిపింది బంగారం. మరుసటి ఏడు, 1992లో, ఆ బంగారాన్ని తవ్విన సంస్థ ఖాయిలా పరిశ్రమల బోర్డు ముందు నిలబడింది. సంస్కరణల వల్ల దేశం నిలదొక్కుకుంది, కాదనను. మన ఊరి నుంచి చూస్తే మాత్రం వైద్యుడు మనవాడే, మందు ఇక్కడిదాకా రాలేదు. బడి విషయంలోనూ ‘మనవాడు’ ప్రధానిగా ఉన్న అయిదేళ్లలో సరిహద్దు తెలుగు బడికి కొత్తగా ఒనగూడినదేమిటో నాకు కనిపించదు. ‘మనవాడు’ అనేది చుట్టరికం, కొలబద్ద కాదు.

2001 ఫిబ్రవరి 28న గని మూతపడింది. అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి. కవి, వక్త, మర్యాదస్తుడు. మూత ఒక్కరి నేరం కాదు, నలభై ఏళ్ల లెక్కల ఫలం. మూసిన తరువాత ఊరికి ఏమి చూపారన్న చోటే ఆయన మార్కులు పోతాయి. మారికుప్పంలో తెల్లవారుజామున బెంగళూరు రైలు ఎక్కే జనాన్ని చూస్తే ఆ మార్కులు ఎన్ని పోయాయో తెలుస్తుంది.

మన్మోహన్ సింగ్ కాలంలో, 2008 అక్టోబరు 31న, తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చింది. ఆనందించాం. ఆ హోదా పరిశోధనకు డబ్బు తెస్తుంది, ఆండర్సన్‌పేట బడికి ఉపాధ్యాయుణ్ణి తేదు. రెండింటినీ కలిపి చూసి మురిసిపోయినవారు మనలో చాలామంది ఉన్నారు.

నరేంద్ర మోదీ ప్రభుత్వం 2020లో తెచ్చిన జాతీయ విద్యావిధానం కనీసం అయిదవ తరగతి వరకు మాతృభాషలోనో, ఇంటిభాషలోనో, స్థానిక భాషలోనో బోధించాలంటుంది, ‘వీలైన చోటల్లా’ అనే షరతుతో. 1956లో ‘వచ్చు’, 2020లో ‘వీలైతే’. ఆ గడిలో అంకె నేను ఇంకా వేయలేదు. వేయాలంటే ముందు మన వైపు లెక్క తేలాలి. మన పిల్లలను తెలుగు తరగతిలో చేర్చడానికి సిద్ధంగా ఉన్న ఇళ్లు ఎన్ని? ఈ వీధిలో పదిమంది పిల్లలు ఉన్నారా, ఊరంతటా నలభై మంది ఉన్నారా? బడులు తెరవకముందే ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాయవలసి ఉంది. వాకిలి దగ్గర కాగితాలూ కలాలూ ఉన్నాయి. వెళ్లేటప్పుడు మీ మీ వీధుల పేర్లు చెప్పి తీసుకువెళ్లండి.