జబ్బు ఉన్న ఇంట చిన్న సంతోషములు
(శతవార్షికోత్సవ కుటుంబ కూటమిలో చేసిన ప్రసంగము)



మన గుడులను గూర్చి, బడులను గూర్చి, మనకు ముందు పోయిన అయ్యగార్లను గూర్చి మాటలాడువారు ఈ ఉత్సవములలో చాలామంది ఉన్నారు. మమ్మును మాత్రము ఇంటి సంగతి చెప్పుమన్నారు. మాలో జబ్బుపడినది ఇల్లాలు; గరిటె పట్టినది ఇంటాయన. మూత్రపిండములు రెండును పనిచేయుట మానినవి గనుక మంగళ, గురు, శనివారములలో నాలుగేసి గంటలు డయాలసిస్ యంత్రము ప్రక్కన గడుపుచున్నాము. ఇట్లు ఐదు సంవత్సరములు గడచినవి.

మన మండలము ఏర్పడిన నాటికి ఈ యంత్రము లేదు. ఈ జబ్బు ముదిరిన మనిషిని ఇంటిలో ఉంచుకొని సేవచేయు భాగ్యము ఆనాటి భర్తలకు కొద్ది దినములే దక్కెడిది. 1943లో, హాలెండు దేశము జర్మనుల చేతిలో ఉన్న యుద్ధకాలమున, విలెం కోల్ఫ్ అను వైద్యుడు సాసేజిలకు వాడు సెలోఫేన్ గొట్టమును చెక్క పీపాకు చుట్టి మొదటి యంత్రమును చేసినాడు. దానివలన ప్రాణము దక్కిన మొదటి మనిషి 67 ఏండ్ల స్త్రీ, అది 1945లో. ఈ కథ మా ఇల్లాలికి బహు ఇష్టము. ఆ ముసలమ్మ ఇంటికి పోయి మొదట ఏమి వండుకొన్నదో ఎవరును వ్రాయలేదేమని అడుగుచుండును.

మా ఇంట దినము ప్రార్థనకంటె ముందు చేతితో మొదలగును. ఎడమ చేతిలో ధమనిని సిరతో కలిపి కుట్టినారు. దానిని ఫిస్టులా అందురు. దానిమీద వ్రేళ్లు ఆనించిన, తేనెటీగ గూటిలో తిరుగుచున్నట్లు జుమ్మని తగులును. ఆ జుమ్మనుట ఆగిన వెంటనే ఆసుపత్రికి పరుగెత్తవలెను. అందుచేత ప్రతి ఉదయమున ఇంటాయన చేయి పట్టుకొని చూచును. పెండ్లియైన ముప్పది ఎనిమిదేండ్లలో ఇన్నిసార్లు చేయి పట్టుకొనలేదని ఇల్లాలు నవ్వును. ఆ చేతికి బరువు మోయుట, బి.పి. పట్టీ కట్టుట, సూదిమందు పొడుచుట కూడదు. కనుక జడ వేయుట కూడ ఇంటాయన పనియే అయినది. మూడు పాయలు సమముగా రావడానికి ఆరు నెలలు పట్టినది.

ఇక నీళ్ల సంగతి. మాకు డాక్టరుగారు చెప్పిన కొలత దినమునకు 750 మిల్లీలీటర్లు. అందులో టీ, మజ్జిగ, చారు అన్నియు కలిసియున్నవి. ఉదయమున అంత నీరు ఒక సీసాలో పోసి పెట్టుదుము. ఇల్లాలు చిన్న గ్లాసు టీ త్రాగిన, అంత నీరు సీసాలోనుండి తీసి మల్లెపాదులో పోయుదుము. సీసా ఖాళీయైన యెడల ఆ నాటికి లెక్క సరి. ఈ లెక్క వలన మల్లెపాదు మాత్రము బాగుపడినది. రోహిణీకార్తెలో ఎండ మండునప్పుడు, ఆ కొలతలోని నీటితోనే చేసిన మంచుముక్క ఒకటి నోట పెట్టుకొనుట ఇల్లాలికి పండుగ. అది కరుగునంత సేపు ఇద్దరమును మాటలాడము.

వంటలో కష్టము పొటాషియముతో. బంగాళాదుంపలు తొక్క తీసి, చిన్న ముక్కలు తరిగి, విస్తారమైన నీటిలో ఉడికించి ఆ నీరు పారబోయవలెను. రుచి సగము దానితో పోవును. మిగిలిన సగమును పోపు కాపాడవలెను. మంచము మీదనుండియే "ఆవాలు మాడుచున్నవి" అని కేక వచ్చును. ఆ ముక్కుకు జబ్బు రాలేదు. సోడియము తక్కువని అమ్ము ఉప్పులో పొటాషియము కలుపుదురు గనుక, మా వంటివారి ఇండ్లలో అది విషముతో సమానము. ఈ సంగతి ఇక్కడి తల్లులు గుర్తుంచుకొనవలెను.

సాయంత్రము చింతగింజలతో అష్టాచెమ్మా ఆడుదుము. గింజలు సరిగా దొర్లలేదని ఇల్లాలు మరల వేయును. దీనికి తీర్పరి ఎవరును లేరు.

అన్ని దినములు ఇట్లుండవు. రెండేండ్ల క్రిందట ఒక శనివారము, యంత్రము దిగి వచ్చిన రాత్రి, "ఇంక ఎన్నాళ్లు? మానివేసిన ఏమి?" అని ఇల్లాలు అడిగినది. ఆ మాట కోపముతో అన్నది కాదు. మానివేసిన ఏమగునో ఇద్దరకును తెలియును. మా యొద్ద జవాబు లేదు. ప్రార్థన చేయుటకును నోరు రాలేదు. చాలసేపటికి ఇల్లాలే, "రేపు ఆదివారము కదా, తెల్లచీర ఇస్త్రీ చేసినారా?" అని అడిగినది. అప్పుడే పెట్టె వేడిచేసినాము. మంగళవారము మరల ఆసుపత్రికి పోయినాము.

చూడవచ్చువారిలో ఒకరిద్దరు, విశ్వాసము చాలక ఈ జబ్బు వచ్చినదని చెప్పి పోయినారు. వారికి టీ ఇచ్చి పంపినాము. మిగిలినవారు ప్రేమతో కొబ్బరిబొండములు, అరటిపండ్లు తెచ్చినారు. అవి రెండును మాకు కూడనివి. ఆ ప్రేమ ఫలమును వీధిలోని పిల్లలు అనుభవించుచున్నారు.

శనివారము యంత్రము ఎక్కుదుము గనుక ఆదివారమున దేహము తేలికగా ఉండును. గుడిలో చివరి బల్లమీద, ఫంకా క్రింద కూర్చుందుము. కీర్తనలో ఇల్లాలి గొంతు పల్లవికి అందును, చరణములకు అందదు. చరణములు ఇంటాయన లాగును. ప్రభు భోజనపు పాత్రలోని గుటకను మాత్రము మా సీసా లెక్కలో వేయము. డాక్టరుగారితో ఈ సంగతి చెప్పలేదు.

ఆదివారము మధ్యాహ్నము మూడు గంటలు మొదలు మా తలుపు తీసియుండును. అష్టాచెమ్మాకు నలుగురు కావలెను, మేమిద్దరమే ఉన్నాము. వచ్చువారు పండ్లు తేనవసరము లేదు. మీకు టీ నిండు గ్లాసుతో ఇచ్చెదము, ఇల్లాలు తన చిన్న గ్లాసు పట్టుకొని మీ ప్రక్కన కూర్చుండును. గింజల విషయములో మాత్రము కొంచెము కనిపెట్టి చూచుకొనవలెను.