కవలల చేతిరాత

ఫలదీకరణ చెందిన ఒకే అండం రెండుగా చీలితే పుట్టేవారు సమరూప కవలలు. వీరి జన్యువులు దాదాపు ఒకటే. పోలికలు ఎంతగా కలిసినా చేతిరాత మాత్రం ఒకటి కాదు.

రాత పుట్టుకతో వచ్చేది కాదు, నేర్చుకునేది. కలం పట్టే తీరు, కాగితం మీద ఒత్తిడి, వేగం, అక్షరాల వాలు ఏళ్ల తరబడి సాధనతో ఎవరికి వారికి అలవడతాయి. కవలల్లో ఒకరిది కుడిచేతి వాటం, మరొకరిది ఎడమచేతి వాటం కావడమూ ఉంది. ఒకే బడిలో, ఒకే పంతులు దగ్గర ఓనమాలు దిద్దినా, ‘క’ రాసేటప్పుడు ఒకరు తలకట్టును అక్షరానికి ఆనించి రాస్తారు, మరొకరు చేయెత్తి విడిగా పెడతారు. ఒకరి సున్న గుండ్రంగా మూసుకుంటుంది, మరొకరిది పైన కాస్త తెరుచుకుని ఉంటుంది.

అయితే పోలిక అసలు లేకపోలేదు. అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయానికి చెందిన శ్రీహరి బృందం 206 కవల జంటల రాతను కంప్యూటర్‌తో పోల్చి, 2008లో ఫలితాలు ప్రచురించింది. రాసినవారిని వేరు చేయడంలో కవలల విషయంలో 12.91 శాతం పొరపాట్లు దొర్లాయి. కవలలు కానివారి విషయంలో 3.7 శాతమే. రెండు వేర్వేరు అండాల నుంచి పుట్టిన భిన్న కవలల కంటే సమరూప కవలల దగ్గర తప్పులు ఎక్కువ. సందేహాస్పదమైన నమూనాలను తేల్చకుండా పక్కన పెడితే ఆ తప్పులు తగ్గాయి.

కవలల వేలిముద్రలు వేరైనట్టే చేతిరాతలూ వేరు. కాకపోతే వాటి మధ్య తేడా పట్టడానికి మరింత నిశితమైన చూపు కావాలి.